వెనక్కి తిరిగి నిలబడే మనిషి

"నిన్న మా ఆవిడ మీ కంప్యూటర్లో ఏం వెతికింది?" అంటూ ఒక పెద్దమనిషి లైబ్రరీ బల్ల మీద గుద్దాడు.

"నాకు తెలీదండి," అంది లైబ్రేరియను.

"పక్కనే ఉన్నావుగా!"

"ఉన్నాను. వీపు అటు పెట్టి ఉన్నాను."

"పోనీ మిషన్లో ఉంటుందిగా, తీసి చూపించు."

"సభ్యులు లేవగానే తుడిచేస్తానండి, బల్ల తుడిచినట్టు."

"నేను ఆవిడ మొగుణ్ణి!"

"అయితే ఇంటికెళ్లి అడగండి. ఇక్కడ ఆవిడ సభ్యురాలు. మీరింకా చేరలేదు."

పెద్దమనిషి చేరకుండానే వెళ్లిపోయాడు. పంకా కింద కూర్చుని పేపర్లో బొమ్మలు చూస్తున్న నేను, నవ్వు ఆగక ఆ పేపరే మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

ఆ లైబ్రేరియనుకు ఉన్న పిచ్చి అదొక్కటే. ఎవరైనా కంప్యూటరు ముందు కూర్చుంటే చాలు, గిరుక్కున తిరిగి గోడకు మొహం పెట్టి నిలబడుతుంది. అలాగే వెనక్కి నడిచి అలమరాలకు గుద్దుకుంటుంది. ఊరంతా వీపమ్మ అంటారు. ఆమె మొహం ఎలా ఉంటుందో సరిగ్గా గుర్తులేదనేవాళ్లూ ఉన్నారు.

కంప్యూటర్లో వెతకడం నేర్పడమూ అంతే. మన సంగతేమిటో అడగదు. అందరికీ ఒకటే ప్రశ్న: ఏనుగు రోజుకు ఎంతసేపు నిద్రపోతుంది? దాన్ని ఎలా వెతకాలో చూపించి, "ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, అడుగున ఏమైనా అమ్ముతున్నారా, ఈ మూడూ చూసుకోండి. ఇక మీ పని మీది" అని గోడకు తిరుగుతుంది. ఆమె పుణ్యమా అని, మా ఊళ్లో పక్కింటివాడి పేరు తెలియనివాడికి కూడా ఏనుగు నిద్ర సంగతి తెలుసు.

నా చదువు రెండో తరగతి దాకానే. ఆపైన నా నోరు భరించే పంతులు దొరకలేదు. అలాంటి నాకు మెడలో గడ్డ లేచింది. కోసి తీయాలన్నాడు డాక్టరు. కోతకు నేను భయపడలేదు, మాట పోతుందేమోనని భయపడ్డాను. ఈ వయసులో నాకున్న ఆస్తి అదేగా! డాక్టర్నే అడుగుదామంటే పక్కన కోడలుంది. ఆ సంతోషం ఆమెకు ముందే ఇవ్వడం నాకిష్టం లేకపోయింది.

వీపమ్మ దగ్గరికి వెళ్లాను.

"నాకు ఏనుగులొద్దమ్మాయ్. నా సంగతి చెప్తాను, నువ్వే చూసిపెట్టు."

"చెప్పకండి పిన్నిగారూ! నోరు మూసుకోండి!" అని తన చెవులు మూసుకుంది.

నన్ను నోరు మూసుకోమని చెప్పి క్షేమంగా ఉన్న మనిషి ఆవిడొక్కతే.

ఏనుగుతోనే మొదలుపెట్టాను. కళ్లజోడు ముక్కుకు ఎక్కించి, ఒక్కో అక్షరం ఏరుకుంటూ నా గడ్డ దాకా వచ్చేసరికి పొద్దు వాలింది. మొదట దొరికినవాడు ఆకుపసరుతో గడ్డ కరిగిపోతుందన్నాడు. అడుగున చూస్తే సీసాలు అమ్ముతున్నాడు.

"పోరా!" అన్నాను.

"ఎవర్నండీ?" అంది వీపు.

"నిన్ను కాదులే."

తర్వాత తెర మీద లైబ్రరీవాళ్లు చందా కట్టి తెప్పించే డాక్టర్ల పుస్తకం తెరుచుకుంది, మన భాషలోనే. గొంతు బొంగురుపోయినా చాలామందికి మళ్లీ వస్తుందట. ఎవరో కొందరికే రాదట. కోతకు ముందే గొంతు పరీక్ష చేయించుకోమని కూడా ఉంది. చదువుతూ ఏడ్చాను. గట్టిగా ముక్కు చీదాను. ఆ వీపు కదల్లేదు. నా భయాన్ని చూడకుండా, నన్ను వదిలి వెళ్లకుండా నిలబడిన మనిషి నాకు అంతకు ముందు తగల్లేదు.

మర్నాడు కోడల్ని బయట కూర్చోబెట్టి, "కోసేముందు నా గొంతు పరీక్ష చేయిస్తారా?" అని డాక్టర్ని అడిగాను. చేయించాడు. కోత అయ్యాక కొన్నాళ్లు నా నోట గాలి తప్ప మాట రాలేదు. మా వీధికి అవి సెలవులు. తర్వాత సెలవులు అయిపోయాయి.

కృతజ్ఞత చెప్పుకుందామని లైబ్రరీకి వెళ్లాను.

"అమ్మాయ్, ఆ రోజు నేను వెతికింది..."

"వద్దు పిన్నిగారూ!"

"చెప్పనీయకపోతే నీ రుణం ఎలా తీర్చుకోనే?"

"అయితే ఓ పని చేసిపెట్టండి." మూలనున్న కంప్యూటరు వైపు గడ్డంతో చూపించింది. అక్కడ నా ఈడు ఆవిడ తెరకు ముక్కు ఆనించి కూర్చుంది. "ఆవిడ కళ్లజోడు మర్చిపోయి వచ్చారు. ఎవర్నీ చదివిపెట్టమని అడగరట. మీది కాసేపు ఇచ్చి పక్కన కూర్చోండి. అది తీస్తే ఆ తెర మీద ఏముందో మీకూ కనపడదుగా."