పట్నం బడి బహుమతిని సంచిలో దాచి అనంతపురం పోయిన రోజు

సర్టిఫికెట్ల పనిమీద పిల్లను వెంటబెట్టుకుని అనంతపురం పోయేవాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లోని మాట కాబట్టి చార్జీలు అప్పటివి. తెలివైన పల్లె పిల్లలను పరీక్ష పెట్టి ఏరుకుని, తిండీ బట్టా పుస్తకాలూ సర్కారే ఇచ్చి చదివించే హాస్టలు బడి జిల్లాకంతా ఒక్కటే ఉండేది. అందులో మా అన్న తిప్పన్న కూతురు వన్నూరమ్మకు ఆరో తరగతి సీటొచ్చింది. బుధవారం మధ్యాహ్నం రెండు లోపల కాగితాలు చూపించకపోతే సీటు తర్వాతి వాళ్ళకు పోతుందని ఉత్తరం. అదే వారం, రెండేళ్ళ కరువు మీద, వాన పడింది. మా అన్న ఎస్టీడీ బూత్ నుంచి నాకు ఫోన్ చేశాడు. "నేల పదును ఆరిపోతాదమ్మా, ఇత్తే గొర్రు ఇడ్సిపెట్టి రాలేను. నువ్వే పిల్చుకోని పో." రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో సెలవు పెట్టి, కణేకల్ దగ్గర మా ఊరికి ముందురోజే చేరుకున్నాను.

పొద్దున ఆరింటికి కణేకల్‌లో ఉరవకొండ బస్సెక్కాం. టికెట్ పన్నెండు రూపాయలు, పిల్లకు అర టికెట్. నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. కాలుగాలిన పిల్లిలా వాచీ చూసుకోవడం, సంచి తడుముకోవడం. చివరికి కాగితాల ఫైలు తెరిచాను. అన్నిటికన్నా పైన మా అన్న గుండుసూది గుచ్చి పెట్టిన కాగితాన్ని రెండుసార్లు చదివాను. అది కన్నడంలో ఉంది. బళ్ళారి బడివాళ్ళు లెక్కల పోటీలో మొదటి బహుమతి అని వన్నూరమ్మకు ఇచ్చిన సర్టిఫికెట్.

కిందటేడు మా అన్నవాళ్ళు మూడు నెలలు బళ్ళారికి ఇటుకల పనికి వలస పోయారు. పిల్ల ఊరికే ఉండలేక పక్కనున్న పట్నం బడిలో కూర్చుంది. మా ఊరి అయ్యవారు వలస పోయిన పిల్లల పేర్లు రిజిస్టర్లో కొట్టేయడు. కొట్టేస్తే లెక్క తగ్గి ఉన్న ఒక్క టీచరు పోస్టూ పోతుందని, రోజూ హాజరు వేస్తాడు. ఆ రిజిస్టరు ప్రకారం వన్నూరమ్మ ఊరు దాటలేదు. ఉత్తరం వెనక నిబంధన చూస్తే, మూడు నుంచి ఐదో తరగతి దాకా పల్లె బడిలోనే చదివి ఉండాలి, మధ్యలో పట్నం బడిలో చదివితే సీటు లేదు. మా అన్నకు నాలాగా కన్నడం చదవడం రాదు, నిబంధనా చదవలేదు. కూతురి గొప్ప కనబడాలని ఆ కాగితాన్నే పైన పెట్టాడు. పిచ్చి అన్న!

గుండుసూది లాగి, దాన్ని మడిచి నా చేతిసంచిలో పెట్టాను. వన్నూరమ్మ చూస్తూనే ఉంది.

"అది నాదే కదత్తా."

"ఈ పొద్దుకు నీది కాదు. ఎవురన్నా అడిగితే, మనది కాదనాల."

ఉరవకొండలో ఏడున్నరకు దిగి, బస్టాండు ఎదురుగా పాకలో బొరుగుల ఉగ్గాణి, బజ్జీ తిన్నాం. ఇద్దరికీ పద్నాలుగు రూపాయలు. వండే ఆవిడ పిల్ల కొత్త గౌను చూసి, "యాడికి పోతాండారు?" అంది. చెప్పాను. ఆవిడ బాండీలో గరిటె ఆపి, "మంచిదేలే. ఒక్క పిల్లకు అంత దుడ్లు పెడతారంట ఆడ. మా పిల్లోల్ల బడిలో ఐదు క్లాసులకూ ఒకే అయివారు. ఆయప్ప మీటింగుకు పోతే బడి తలుపుకు బీగమే" అంది. డబ్బులిచ్చి లేచాం. అనంతపురం బస్సు ఎనిమిదికి రావాల్సింది ఎనిమిదీ నలభైకి వచ్చింది. ఇరవై రెండు రూపాయలు. నేను డ్రైవరును, "ఏమన్నా, పదకొండుకన్నా చేరుస్తావా?" అని అడిగాను. "నీకంటే తొందర నాకుండాదిలేమ్మా, ఇంజన్ ఇనాల కదా" అన్నాడు.

పదకొండింటికి ఆఫీసు వరండాలో నిలబడ్డాం. పన్నెండున్నరకు మా వంతొచ్చింది. బల్ల వెనక సారు కాగితాలు ఒక్కొక్కటే తిప్పి, నన్ను వదిలేసి పిల్లను అడిగాడు.

"మూడేండ్లూ మీ ఊరి బడిలోనే చదివినావా?"

"మూడు నెల్లు బళ్ళారిలో ఉంటిమి సార్. వాన రాల్యా."

ఆయన పెన్ను ఆగింది. "ఆడ బడికి పోయినావా?"

వన్నూరమ్మ నా చేతిసంచి వైపు చూసింది. నోరు తెరిచేలోగా నేనే అన్నాను. "యాడ బడి సార్! ఇటుకలు మోసేది. వాళ్ళ నాయనకు తోడుగా." ఆయన నన్నూ పిల్లనూ మార్చి మార్చి చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, సంతకం చేసి, "సోమవారం చేర్పించండి" అన్నాడు.

సీటు నిలబడింది. ఏడుపొచ్చింది నాకు. తిరుగు బస్సులో కాగితం తీసి వన్నూరమ్మకు ఇవ్వబోయాను. తీసుకోలేదు. కిటికీ బయట గొర్రుతో విత్తుతున్న చేలు చూస్తూ, "నీ కాడే పెట్టుకో అత్తా. ఇటుకలు మోసినదానికి లెక్కల్లో బహుమతి యాడిది?" అంది.

పట్నం పిల్లలు పల్లె పిల్లల సీట్లు తన్నుకుపోకూడదనే ఆ నిబంధన పెట్టారు, కాదనను. కానీ వానను బట్టి బతుకుతెరువు కోసం ఊళ్ళు మారే మా పిల్లలను అది రాసినవాళ్ళు ఎరగరు. తెలివైన పిల్లల బడిలో చేరాలని, వన్నూరమ్మ తెలివికున్న ఒక్క సాక్ష్యాన్నీ నేను మాయం చేశాను. మళ్ళీ అట్లాంటి రోజొస్తే మళ్ళీ అదే చేస్తాను, అయినా మనసు కుదురుగా లేదు. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. కాగితాలన్నీ బయల్దేరే ముందురోజే, ఇంట్లోనే, నిబంధనలు పక్కన పెట్టుకుని చదవండి. తీసేయాల్సింది ఏదన్నా ఉంటే, పిల్ల చూస్తుండగా తీయకండి.