మానేరు పక్కన ఉప్పునీళ్లు

సీ అనిమోన్ గురించి నేను ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. కరీంనగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం నా సబ్జెక్టు. సముద్రంలో రాయికి అతుక్కుని, పువ్వులా విప్పుకుని, దగ్గరికొచ్చిన చేపను ఆ రేకులతోనే పట్టి మింగే జంతువు అది. బోర్డు మీద బొమ్మ గీస్తాను, భాగాలు గుర్తిస్తాను, ఆఖరున లాబులోంచి జాడీ తెచ్చి చూపిస్తాను. ఫార్మలిన్‌లో మునిగి, ఉడికించిన వెల్లుల్లిగడ్డలా తెల్లటి ముద్ద ఒకటి అందులో ఉంటుంది. నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ అది అక్కడే ఉంది. దాన్ని పైకెత్తి ఇది ఎంతో అందమైన జీవి అని చెబుతుంటే పిల్లలు నవ్వు ఆపుకోలేక తలలు వంచుకుంటారు.

ఒక ఏడాది ముందు బెంచీలో కూర్చున్న అమ్మాయి లేచి, "సార్, బతికున్నది మీరు చూసిండ్రా?" అని అడిగింది. వెటకారం ఏమీ లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. చూడలేదమ్మా అన్నాను. ఒకసారి పిల్లల్ని తీసుకుని విశాఖ వెళ్లినప్పుడు నేను చూసిన సముద్రమంతా ఒడ్డున స్నానాలు చేసే జనం, పల్లీల బండ్లు, తప్పిపోయిన చెప్పులు. ఆ అమ్మాయి అడిగిన రోజు ఇంటికొచ్చి అన్నం కూడా సరిగా తినలేదు. వచ్చే ఏడు ఈ పాఠం వచ్చేసరికి బతికున్న అనిమోన్‌ను ఇంట్లో పెట్టి, క్లాసు మొత్తాన్ని తీసుకొచ్చి చూపించాలని నిశ్చయించుకున్నాను. నాకు కావలసింది అదొక్కటే. కానీ దానికోసం ఇంట్లో సముద్రం పెట్టాలి.

మా ఊళ్లో రంగుచేపలు అమ్మే దుకాణాయన తాతల కాలం నుంచీ ఆ వ్యాపారంలో ఉన్నాడు. గోల్డ్ ఫిష్‌లు అడిగితే సంచిలో కట్టి ఇచ్చేస్తాడు. ఉప్పునీళ్ల తొట్టి అనగానే నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. "సార్, గా పరేషాన్ మీకెందుకు? మంచినీళ్ల చేపలు తీసుకపోండ్రి" అని చాలాసేపు బతిమాలాడు. ఆ మాట అప్పుడే వినాల్సింది. నా మొండితనం చూసి చివరికి హైదరాబాద్ నుంచి అన్నీ తెప్పించాడు. తొట్టి, పంపులు, నీళ్లలోని మురికిని నురగలాగా పైకి తీసే యంత్రం, సముద్రపు ఉప్పు సంచులు, అడుగున పరచడానికి ఇసుక, రాళ్లు.

ఉప్పు అంటే ఉప్పే కదా అనుకునే వాళ్లందరికీ నేను విడివిడిగా జవాబు చెప్పాల్సి వచ్చింది. పక్కింటాయన దొడ్డుప్పు వేస్తే సగం ఖర్చు మిగులుతుందన్నాడు. మా బావమరిది వచ్చి ఈ చేపల్ని ఎప్పుడు వండుతారని అడిగాడు. ఊరి పక్కన పారే మానేరు నుంచి వచ్చే నల్లా నీళ్లు నేరుగా పనికిరావు, శుద్ధి చేసిన నీళ్ల క్యాన్లు తెప్పించాలి, వాటిలో ఉప్పు కలిపి కొలవాలి. కొలత కాస్త ఎక్కువైతే నీళ్లు పొయ్యాలి, తక్కువైతే ఉప్పు వెయ్యాలి, మళ్లీ కొలవాలి. నీళ్లు ఆవిరైతే ఉప్పు మాత్రం అందులోనే ఉండిపోతుంది కాబట్టి రోజూ మంచినీళ్లు కలపాలి. సముద్రానికి ఇవన్నీ ఎవరూ చెయ్యరు. కరీంనగర్‌లో ఉన్న పాపానికి నేను చెయ్యాలి.

నీళ్లు నింపిన రోజు మా అవ్వ వచ్చి తొట్టి ముందు నిలబడింది. నన్ను కన్న అవ్వ. బాపు మంచిర్యాల వైపు బొగ్గు గనుల్లో పనిచేసినంత కాలం కంపెనీ క్వార్టర్లలో ఉండి, బాపు పోయాక మా దగ్గరికి వచ్చింది. గోదావరి తప్ప పెద్ద నీళ్లు చూడని మనిషి.

"గిది సముద్రం నీళ్లేనా బిడ్డా?" అని అడిగింది.

"సముద్రమే అవ్వా. ఏం తేడా లేదు" అన్నాను.

గొప్ప కోసం అనలేదు. ఉప్పు కొలత సరిగ్గా కుదిరిన సంతోషంలో అన్నాను. అవ్వ నీళ్లలో వేలు ముంచి నెత్తిన చల్లుకుని దండం పెట్టింది. నాకు నవ్వొచ్చింది, ముచ్చటేసింది కూడా. అంతలో పంపు ఆగిపోతే దాన్ని చూసుకోవడానికి అవతలికి వెళ్లాను.

కొన్ని వారాలు ఉత్త నీళ్లే తిరిగాయి. తర్వాత నాచు తినడానికి నత్తలొచ్చాయి, నారింజ రంగు మీద తెల్లటి పట్టీలున్న చేపల జంట వచ్చింది, ఎర్ర చారల రొయ్య ఒకటి వచ్చింది. మొదట నత్తలు చచ్చిపోయాయి. ఒక్కొక్కటే అద్దం మీద నుంచి జారి ఇసుకలో బోర్లా పడింది. దుకాణాయన్ని అడిగితే కొత్త తొట్టిలో అట్లనే అయితది, జర ఫికర్ చెయ్యకుండ్రి అన్నాడు. నీళ్లు మార్చాను. అమ్మోనియా కొలిచాను, నైట్రేట్ కొలిచాను, అన్నీ పాఠం చెప్పినంత చక్కగా ఉన్నాయి. ఇంకో జట్టు నత్తల్ని తెస్తే అవీ పోయాయి.

ఈలోగా ఎండలు మొదలయ్యాయి. మా దగ్గర ఎండాకాలం సంగతి చెప్పనక్కర్లేదు. నీళ్లు వేడెక్కకుండా తొట్టి ఉన్న గదిలో ఏసీ పగలూ రాత్రీ నడిచింది, అక్కడ చోటు చాలక మేం హాల్లో ఫ్యాను కింద పడుకున్నాం. "వచ్చే జన్మల చేపనై పుడతా" అని మా ఆవిడ వచ్చిపోయే వాళ్లందరి ముందూ అనేది. కరెంటు పోయినప్పుడల్లా నా ప్రాణం పోయేది. ఇన్వర్టర్ పంపును లాగుతుంది గానీ ఏసీని లాగదు. ఫ్రిజ్‌లో సీసాల్లో నీళ్లు గడ్డ కట్టించి, వాటిని తొట్టిలో తేలేయడం నా వేసవి సెలవుల పని అయింది. చల్లటి సీసా దొరక్క మా ఆవిడ నామీద ఎన్ని మాటలు విసిరిందో లెక్కలేదు.

మధ్యాహ్నాలు అవ్వ మాత్రం ఆ గదిలోనే తొట్టి పక్కన పీట వేసుకుని కూర్చునేది. ఏసీ కోసమని మేం అనుకున్నాం.

అనిమోన్ అప్పుడే వచ్చింది. సంచిలోంచి తీసినప్పుడు బురద ముద్దలా ఉంది. రాయి మీద పెట్టాను. సాయంత్రానికి విప్పుకుంది. తేనె రంగు రేకులు, కొసన లేత ఊదా రంగు, పంపు నీళ్లు తోసినప్పుడల్లా అన్నీ ఒకే వైపుకు వాలుతున్నాయి. జాడీలో ఉన్నదానికీ దీనికీ సంబంధమే లేదు. ఒక రేకుకు వేలు తగిలిస్తే అంటుకుంది, వదిలించుకుంటే మళ్లీ పట్టుకోబోయింది. నారింజ చేపలు రెండూ వెళ్లి అందులో దూరాయి. నేను ఇన్నాళ్లూ బోర్డు మీద గీసిన బొమ్మలన్నీ తప్పుడు బొమ్మలే అనిపించింది. ఆనందంతో కళ్లు చెమ్మగిల్లాయని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. అవ్వ వచ్చి చూసి, "గిది పువ్వా, జీవమా?" అని మాత్రం అడిగింది. జీవమే అంటే చాలాసేపు అలాగే చూసింది.

నెల తిరగకుండానే రొయ్య చచ్చింది. ఆ తర్వాత అనిమోన్ ముడుచుకోవడం మొదలుపెట్టింది. పొద్దున సగం విప్పుకుని మధ్యాహ్నానికి మూసుకునేది. రాయిని వదిలి అద్దం దగ్గరికి జరిగింది, మళ్లీ జరిగింది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఉప్పు సంచి మార్చాను. నీళ్ల క్యాన్ల వాణ్ణి అనుమానించి ఇంకొకడి దగ్గర తెప్పించాను. పూజగదిలో ఊదుబత్తి వెలిగించొద్దని మా ఆవిడతో గొడవ పడ్డాను. నేల తుడిచే ఫినాయిలు బయట పారేశాను. చేపలు మాత్రం ఏమీ పట్టనట్టు ఈదుతూ, మేత వెయ్యగానే పైకొచ్చేవి. వాటిని చూస్తే నాకు ఒళ్లు మండేది. కాలేజీలు తెరిచారు. ఆ పాఠం దగ్గరికొస్తోంది. ముందే చెప్పి పెట్టాను కాబట్టి, ఎప్పుడు సార్ మీ ఇంటికి పోయేది అని కొత్త క్లాసు పిల్లలు అప్పటికే అడుగుతున్నారు.

ఒక ఆదివారం ఇసుకంతా కడిగేద్దామని తొట్టిలో పైపు పెట్టి లాగుతున్నాను. రాళ్ల వెనుక మూలన పైపు మూతికి ఏదో అడ్డుపడింది. చేత్తో తీశాను. పాత రాగిపైస. అంచులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఇసుక తవ్వితే ఇంకోటి వచ్చింది. మరోటి వచ్చింది. అరచేతిలో వాటిని చూస్తూ ఒక్క క్షణం ఏమీ తోచలేదు. తర్వాత అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి.

చిన్నప్పుడు బస్సు గోదావరి వంతెన ఎక్కగానే అవ్వ కొంగుముడి విప్పేది. ఒక పైస నాకిచ్చి, ఒకటి తను పట్టుకుని, కిటికీలోంచి నీళ్లలోకి వేయించి దండం పెట్టించేది. గోదారమ్మకు రాగే వెయ్యాలనేది. కొత్త పైసలు నీళ్లకు పనికిరావని, ఎక్కడ పాత పైస కనబడినా దాచుకునేది. బాపుతో పాటు గనిలో పనిచేసే వాళ్ల భార్యల దగ్గర కూడా అడిగి తీసుకునేది. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే.

అవ్వను పిలిచి చెయ్యి చాపాను. దాచాలని చూడలేదు.

"నేనే ఏసిన" అంది. "సముద్రం ఇంటికొస్తే ఉత్త చేతులతోని చూస్తరా? నత్తలు సచ్చిననాడు నువ్వు సరింగ తినలే. గప్పుడు ఇంకోటి ఏసిన. రొయ్య సచ్చినప్పుడు ఇంకోటి. గీ పువ్వు ముడుసుకున్నకాన్నుంచి రోజూ మొక్కుతున్న, నీ పువ్వు బతకాలని."

నాకు అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. కానీ నిజం చెప్పకుండా ఉండలేకపోయాను. చెప్పకపోతే రేపు ఇంకో పైస వేస్తుంది.

"రాగి వాటికి విషం అవ్వా. నత్తలకు, రొయ్యకు, గీ పువ్వుకు. చేపలు తట్టుకుంటయ్, గవి తట్టుకోవు. నువ్వేసిన పైసలతోనే సచ్చినయ్."

అవ్వ తొట్టి వైపు చూసింది, నా చేతిలోని పైసల వైపు చూసింది.

"మరి గోదారిల గన్ని ఏసినం గదా. గోదారికేం కాలే."

"గోదారి పెద్దది అవ్వా."

అవ్వ నెమ్మదిగా, తిట్టినట్టు కాకుండా అడిగింది.

"మరి గింతంత సముద్రం నిన్నెవలు తెమ్మన్నరు బిడ్డా?"

అవ్వ పైసలు తీసుకుని, నల్లా కింద కడిగి, మళ్లీ కొంగున ముడేసుకుంది. గోదారికి పనికొస్తయ్ అంది. నేను కొత్తగా కలిపిన ఉప్పునీళ్ల బకెట్లో అనిమోన్‌ను వేసి, గాలి పంపు పెట్టి, పక్కనే కూర్చున్నాను. నిమ్మకాయంత అయిపోయింది. వేలు తగిలిస్తే అంటుకోలేదు. మర్నాటికి అంచులు కరగడం మొదలైంది. కుళ్లితే దేనికీ పనికిరాదని చదువుకున్నవాణ్ణి. ఇక ఆగలేదు. కాలేజీ నుంచి జాడీ, ఫార్మలిన్ తెచ్చి నా చేతులతోనే అందులో వేశాను. రంగు ఎంత త్వరగా పోయిందంటే, చూస్తుండగానే తెల్లబడింది.

చేపల జంటను దుకాణాయనకు ఇచ్చేశాను. తొట్టి ఇంకా ఆ గదిలోనే ఉంది, అద్దాలకు ఉప్పు తెల్లగా పేరుకుని. ఏసీ ఇప్పుడు మనుషులకు నడుస్తోందని మా ఆవిడ చుట్టాలకు ఫోన్లు చేసి చెబుతోంది. అవ్వ మాత్రం ఆ గదిలోకి రావడం మానేసింది.

పాఠం రోజు జాడీలు రెండూ క్లాసుకు తీసుకెళ్లాను. కొత్త జాడీ మీద ఈ ఏడాది రాసి చీటీ అతికించాను గానీ, చీటీ లేకపోతే ఏది పాతదో ఏది కొత్తదో నేనే చెప్పలేను. పాఠం చెబుతూ ముందు బెంచీల వైపు చూస్తూనే ఉన్నాను. బతికున్నది మీరు చూసిండ్రా అని ఎవరైనా అడిగితే చెప్పడానికి తేనె రంగు గురించి, ఊదా కొసల గురించి, వేలికి అంటుకున్న రేకు గురించి మాటలన్నీ సిద్ధం చేసుకుని వెళ్లాను. ఇంటికి తీసుకుపోనందుకు అలిగారో ఏమో, అందరూ తలలు వంచుకుని నోట్స్ రాసుకుంటున్నారు. ఎవరూ అడగలేదు. బెల్లు కొట్టారు. జాడీలు రెండూ నేనే మోసుకెళ్లి లాబులో పక్కపక్కన పెట్టాను.