బకెట్ సంగతేమిటి?

ఆగస్టు వచ్చిందంటే దోహాలో కిటికీ అద్దాలకు బయటివైపు చెమట పడుతుంది. ఈ ఉదయం బాల్కనీలోకి అడుగుపెట్టగానే నా కళ్ళజోడూ మసకేసింది. ఏమీ కనిపించని ఆ నిమిషంలో ఏసీ గొట్టంలోంచి బకెట్‌లోకి నీళ్ళు పడుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. ఆ చప్పుడు వింటే సరోజిని ఆంటీ గుర్తొస్తారు. వెంటనే నవ్వూ వస్తుంది.

దోహాలోని మదీనత్ ఖలీఫా పేటలో మేమున్న విల్లాలో పై వాటా మాది, కింది వాటా ఆవిడది. విశాఖలో బ్యాంకు అధికారిగా రిటైరై, కొడుకుతో కలిసి ఉండేవారు. మిల్లులకూ చిన్న కార్ఖానాలకూ అప్పులు మంజూరు చేయడం ఆవిడ ఉద్యోగం. శుక్రవారం పొద్దున్నే చుట్టుపక్కల తెలుగు కుటుంబాలన్నీ పెసరట్ల కోసం ఆవిడ హాల్లో చేరేవి. ఆవిడతోపాటు ఆవిడ బకెట్‌ కూడా మా అందరికీ పరిచయమే. ఏసీ నీళ్ళు పట్టి కరివేపాకు కుండీకి పోసేవారు.

ఆ రోజుల్లో నేనూ, మా నిజామాబాద్ నరేశ్ మెసయీద్‌లో ఒకే ఫ్యాక్టరీలో ఇంజనీర్లం. గాలిలోని తేమను ఒకరకం గుళికల చేత పీల్పించి, వాటిని వేడిచేసి తాగేనీళ్ళు తీసే మిషన్ తయారుచేద్దామని బయలుదేరాం. నేను ఉద్యోగం మానేశాను. అతను సెలవు రోజులన్నీ ఇచ్చేశాడు. కంపెనీకి పేరుంది, రంగుల బొమ్మ ఉంది, విజిటింగ్ కార్డులున్నాయి. చూపించడానికి అతుకుల నమూనా ఒకటుంది, అమ్మడానికి మిషనే లేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుండేది మా వ్యవహారం. మరుసటి వేసవి దాటేలోగా పెట్టుబడి దొరక్కపోతే దుకాణం కట్టేసి నేను మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవాలి.

ఒక ఆగస్టు శుక్రవారం ఆ నమూనాను ఆంటీ బాల్కనీలో, బకెట్ పక్కనే పెట్టాం. పెసరట్లు అయ్యేసరికి జగ్గు నిండింది. అందరూ చప్పట్లు కొట్టారు. కంపెనీలో తలా ఒక వాటా పెడతామన్నారు. ఆంటీ ఒక్కరే జగ్గు వైపు చూసి, తర్వాత కిందికి చూశారు.

"నా బకెట్ కూడా నిండిందమ్మా. దానికెవరూ చప్పట్లు కొట్టలేదు."

హాలంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. గుళికల గొప్పతనమంతా వివరించాను. ఆవిడ ఓపిగ్గా విని, నా ప్లేట్లో ఇంకో పెసరట్టు వేసి, నెమ్మదిగా అన్నారు. "వాపు చూసి బలుపనుకోకూడదు. కోతల రోజుల్లో ఏ మిల్లయినా తిరుగుతుంది. నేను ఖాళీ నెలల్లో వెళ్ళి చూసేదాన్ని. జూన్‌లో ఎండుగాలి వీచే రోజున తీసుకురా, అప్పుడు చూద్దాం."

అంతే, చప్పట్లు కొట్టిన చేతులన్నీ వెనక్కి పోయాయి. ఆంటీ పెడితే మేమూ పెడతామన్నారు.

మెట్లెక్కుతూ నరేశ్ అన్నాడు. "ఆంటీ ముంచింది అక్కా. జూన్ల గాలిల నీళ్ళేడుంటయి? ఇసుకుంటది."

తమాషా ఏమిటంటే, చప్పట్లు కొట్టినవాళ్ళెవరూ మళ్ళీ మిషన్ మొహం చూడలేదు. నమ్మని ఆవిడే ప్రతి వారం మెట్లెక్కి మా ఇంటికి వచ్చి, స్టూలు మీద కూర్చుని, ఈసారి ఏం పాడైందని అడిగేవారు. బాగా పనిచేసిన సంగతి చెబితే తలూపి ఊరుకునేవారు. చెడిపోయిన సంగతి చెబితే మాత్రం కళ్ళు మెరిసేవి, ప్రశ్న మీద ప్రశ్న వచ్చేది. ఆ ప్రశ్నలకు జవాబులు వెతుక్కుంటూనే గుళికలు మార్చాం, పెట్టె మార్చాం. ఆవిడ మీద కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు.

జూన్ వచ్చింది. ఎడారి మీదుగా గాలి వీచి, పెదవులు పగిలే రోజొకటి చూసుకుని మళ్ళీ అందరం ఆ హాల్లో చేరాం. ముందురోజు నుంచీ తిరుగుతున్న మిషన్ అడుగున నీళ్ళు చిన్న గిన్నెకు సగం కూడా లేవు. నాకు ఏడుపొచ్చింది.

ఆంటీ లేచి బాల్కనీలోకి వెళ్ళి బకెట్ తెచ్చారు. అందరి ముందూ బోర్లించారు. ఏసీ రాత్రంతా తిరిగినా ఒక్క చుక్క రాలలేదు.

తర్వాత పూజ అలమరలోంచి ఉద్ధరిణి తీసుకొచ్చి, గిన్నెలోని నీళ్ళు అందరి అరచేతుల్లోనూ తీర్థంలా పోశారు. నా దగ్గరికొచ్చేసరికి ఆగారు.

"ఆగస్టులో నువ్వు చూపించింది దోహా గాలి. నీ మిషన్‌ని ఇవాళే చూశాను. నా వాటా రాసుకో తల్లీ."

నరేశ్ తీర్థం పుచ్చుకుని చెయ్యి తలకు రాసుకున్నాడు. "ఇంత కష్టపడి తీసిన తీర్థం ఏ గుళ్ళె దొరకది ఆంటీ," అన్నాడు. ఆ రోజు నవ్వినంతగా మేము మళ్ళీ ఎప్పుడూ నవ్వలేదేమో. ఆ నవ్వులో నా వంతు సగం నేలపాలైంది.

కంపెనీ ఇప్పటికీ చిన్నదే, కానీ బతికుంది. ఆంటీ విశాఖ వెళ్ళిపోతూ ఆ ఉద్ధరిణి నాకిచ్చారు. కొత్త మిషన్ చేసినప్పుడల్లా జూన్ దాకా ఆగి, మొదటి నీళ్ళు దానితోనే తాగుతాం. పొగడ్త విన్నప్పుడు పొంగిపోయే స్వభావం నాకింకా పోలేదు. అయితే పొంగే ముందు పక్కన బకెట్ ఏదైనా ఉందేమోనని ఒకసారి చూసుకుంటాను. మొన్న జూన్‌లో గిన్నె నిండా నీళ్ళొచ్చాయి. గర్వంగా ఆంటీకి ఫోటో పంపాను. శభాష్ అంటారనుకున్నాను. క్షణంలో జవాబొచ్చింది.

"బకెట్ సంగతేమిటి?"

నవ్వుకుంటూ బాల్కనీలోకి వెళ్ళి, బోర్లించిన బకెట్ ఫోటో కూడా తీసి పంపాను.