మెట్ట ఊరి కరువు, రాజమండ్రి టేకు దుంగలు

మా చెల్లెలు రత్నం కాపురానికి వెళ్లిన ఏడే అత్తవారి మెట్ట ఊళ్లో వానలు లేవు. మరుసటేడూ పడలేదు. చెరువు ఎండి పశువులు చచ్చాక, కోడలు అడుగుపెట్టిన వేళ మంచిది కాదంటూ అత్తవారు ఆమెను మా ఇంటికి పంపేశారు. బావగారు మళ్లీ పెళ్లి చేసుకున్నారు. రత్నం ఎవరినీ ఏమీ అనలేదు. తన వల్లే కరువొచ్చిందని నమ్మింది. చెట్టు మానులోని వలయాలను బట్టి ఏ ఏడు వానలు తగ్గాయో తెలుసుకోవచ్చని రాజమండ్రి కలప డిపో గుమాస్తాగారు ఒకసారి నాతో అన్నారు. అవి చూపించాలని ఆమెను వెంటబెట్టుకుని బయలుదేరాను.

ద్రాక్షారామం దగ్గర తెల్లవారకముందే కాలువ పడవ ఎక్కాం. మనిషికి రెండణాలు. రెండు వైపులా వరి పచ్చగా ఉంది. "పుట్టింటికాండి, అమ్మా?" అని పడవవాడు అడిగాడు. "అక్కడే ఉంటున్నానండి" అని రత్నం నీళ్లకేసి చూస్తూ ఉండిపోయింది. దీపాలు పెట్టే వేళకు ధవళేశ్వరం చేరి, సత్రంలో పడుకుని, పొద్దున్నే ఒంటెద్దు బండిలో రాజమండ్రి వెళ్లాం.

గోదావరి గట్టునున్న డిపోలో గుమాస్తాగారు కోసిన టేకు దుంగ మీద నీళ్లు చల్లించారు. "ఏడాదికొక వలయమమ్మా. వానలు బాగుంటే వెడల్పు, లేకపోతే సన్నం. ఒక్క దుంగను చూసి చెప్పలేం, నీడలో పెరిగినా సన్నబడుతుంది" అంటూ వేరే కొండల నుంచి వచ్చిన దుంగలు కూడా చూపించారు. బెరడు నుంచి లోపలికి లెక్కపెడితే, రత్నం కాపురానికి వెళ్లిన ఏటిదీ, మరుసటేటిదీ వలయాలు అన్నింట్లోనూ దారాల్లా ఉన్నాయి.

"అడవంతా ఎండిందమ్మా. నీ అడుగుకీ దీనికీ ఏంటి సంబంధం?" అన్నాను.

"ఎందుకు ఎండిందో చెట్టు చెప్పదండి. ఆ ఒక్క ఊరికొచ్చిన కరువు కాదని మాత్రం చెబుతుంది" అన్నారు గుమాస్తాగారు.

రత్నం వేలు ఇంకా లోపలికి జరిగి, మరికొన్ని సన్నటి వలయాల దగ్గర ఆగింది. "ఇవెప్పటివండి?"

"మీరు పుట్టకముందువమ్మా."

రత్నం వాటి మీద నుంచి వేలు తీయలేదు. "అప్పుడు ఎవర్ని పంపేశారో అన్నయ్యా!" అంటూ ఆ దుంగ మీదే కూలబడి ఏడ్చింది.

ఆమె మనసు తేలికపడుతుందనుకున్నాను. ఇన్నాళ్లూ అది శిక్ష అనుకుని ఓర్చుకుంది. ఇప్పుడు శిక్ష కూడా కాదని తెలిసింది. పోయిన కాపురం మాత్రం పోయినట్టే ఉంది. మీరూ ఆ డిపోకు వెళ్లేటట్టయితే, వరద తగ్గి కొండల నుంచి వచ్చే దుంగల తెప్పలు ఒడ్డుకు చేరాక, ఉదయం పూట వెళ్లండి. తడిపిన కోత మీద వలయాలు బాగా కనిపిస్తాయి. ఇలాంటి బాధ ఉన్నవారిని వెంట తీసుకెళితే, వెంటనే తిరుగు పడవకు తొందరపెట్టకండి. కాసేపు గట్టున కూర్చోనివ్వండి.