దొరకు ఓటెయ్యొద్దు

ఇంగ్లాండులో ప్రభువుల ఇంట పుట్టి తండ్రి బిరుదు అందుకున్నవాడు ప్రజల సభకు పోటీ చెయ్యాలంటే ఆ బిరుదు వదులుకోవాలట. అందుకు వీలుగా అక్కడ చట్టం చేశారట. అరవైలలో కల్వకుర్తిలో బస్సు కోసం ఎదురుచూస్తూ పేపర్లో ఈ సంగతి చదివి గట్టిగా నవ్వాను. పక్కనున్నాయన నాకేదో అయిందనుకుని కొంచెం జరిగి కూర్చున్నాడు. ఒక్క సంతకంతో బిరుదు వదిలిపోతుందంటే ఎంత సుఖమైన దేశమో అనిపించింది. మా ఊరి దొర దాన్ని వదిలించుకోవడానికి పడ్డ పాట్లు పక్కనుండి చూసినవాణ్ణి నేను.

మాది నేతపని చేసే ఇల్లు. మగ్గాల చప్పుడులో మాట్లాడి మాట్లాడి ఇంటిల్లిపాదికీ గొంతులు పెద్దవయ్యాయి. యాభైలలో మా దొర ఎలక్షన్లకు నిలబడినప్పుడు జీపుకు కట్టిన మైకు నా చేతికి వచ్చింది అందుకే, నా తెలివి చూసి కాదు. నాకు దొరలంటే మంట. ఈయన మాత్రం హైదరాబాదులో వకీలు చదువు చదివి, తండ్రి పోయాక కోటలాంటి తమ గడీకి తిరిగొచ్చి, మొట్టమొదట వెట్టి మాన్పించాడు. “పుట్టుకతోని వచ్చిన పెత్తనం నాకొద్దు. మీరిస్తే తీస్కుంట” అన్నాడు. ఒక దొర నోట అలాంటి మాట వినడం నాకదే మొదలు. ఆ మాటకే పడిపోయాను.

మా బాపు నమ్మలేదు. తెగిన పోగు అతుకుతూ తలెత్తకుండానే అన్నాడు, “దొర అడుగుడేందిర? దొర అడిగితే గది అడుగుడు గాదు, హుకుం. భయానికి ఏస్తరు, గెలుస్తడు. గిండ్ల కొత్తేముంది?”

ఆ మాట పోయి దొరకు చెప్పాను. ఆయన మొహం వాడిపోయింది. భయంతో వేసే ఓటు తనకు అక్కర్లేదన్నాడు. మర్నాడు మైకులో ఏం చెప్పాలో ఆయనే చెప్పాడు: “దొరకు ఓటెయ్యొద్దు. దొర అని ఎయ్యొద్దు. మనిషి మంచోడనిపిస్తెనే ఎయ్యుండ్రి.” ఊరూరా అదే అరిచాను. కదిలే జీపు, లేచే దుమ్ము, వెనుక పరుగెత్తే పిల్లల అల్లరి. చివరి మాటలు ఎందరి చెవిన పడ్డాయో గాని మొదటి మాట మాత్రం అందరికీ వినబడింది. పైగా ఇది ఎవరి మాట అని అడిగినవాళ్లకు “దొర మాటే” అని గర్వంగా చెప్పేవాణ్ణి.

అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె ఉండేది. చీటీ ఎవరి పెట్టెలో వేస్తే ఓటు వాళ్లకు పడ్డట్టు. లెక్క రోజున మా ఊరి పెట్టెలు తెరిస్తే ఆయనది ఖాళీ. ఓడిపోవడం సరే, సొంత ఊరే ఇంత పని చేసిందేమిటని నాకు కడుపు మండిపోయింది. గడీ వాకిట్లో ఆయన ముందే ఊరివాళ్లను నోటికొచ్చినట్టు తిడుతున్నాను. అంతలో గడీ పశువులను మేపే ముసలాయన వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

“నీ బాంచెన్ దొరా, నువ్వు చెప్పినట్టే చేసినం. ఊరంత ఒక్కటై చేసినం. ఎవడన్న మర్సిపోయి నీ పెట్టెల ఏస్తడేమోనని పొద్దుగాల్ల నుంచి ఓట్లేసే చావడి కాడనే నిలబడి అందరికి చెప్పిన.”

బాంచెన్ అంటే నీ బానిసను అని. మా దగ్గర దొరతో మాట ఆ మాటతోనే మొదలయ్యేది.

దొర నవ్వడం మొదలుపెట్టి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. “మంచిగ చేసినవ్. పోయి బువ్వ తిను” అని పంపాడు. తప్పు చేశావని ఎందుకు చెప్పలేదని నేను కొట్లాటకు దిగాను.

“చెప్తే ఒప్పుకుంటడు. ఎందుకు? నేనన్న గదా అని. మల్ల నా హుకుమే నడుస్తది” అన్నాడు. తన ఓటు తనదేనని ఆ ముసలాయనకు తెలియకపోవడమే దొరను బాధపెట్టింది. ఎలక్షన్ల ఊసే ఎత్తలేదు. ఆయన మీద నాకు నిజమైన ప్రేమ పుట్టింది అప్పుడే.

మళ్లీ ఎలక్షన్లు వచ్చేదాకా ఆయన చేసిన పని అడగడం, జవాబు వచ్చేదాకా ఓపిక పట్టడం. బాట ఎటు వెయ్యాలి, బడి ఎక్కడ కట్టాలి అని జనాన్ని కూర్చోబెట్టి అడిగేవాడు. “నీ ఇష్టం దొరా” అనేవాళ్లు. “నా ఇష్టం నాకెరికే. నీదేందో చెప్పు” అని బీడీ ముట్టించి కూర్చునేవాడు. నాకైతే విసుగుతో ప్రాణం పోయేది. మొదట ఎదురు మాట్లాడింది మా అమ్మ. బడి గడీ పక్కన కడితే మా పిల్లలు ఆ దిక్కే రారని మొహం మీదే చెప్పింది. ఆ రోజు ఆయన సంబరం చూసి తీరాలి. బడి ఊరవతలి బీడులోకి మారింది. అది పశువులు మేసే జాగా. ముసలాయన ఏమీ అనలేదు, ఆయన్ను అడగాలని మాలో ఎవరికీ తోచలేదు.

అరవైలలో మళ్లీ నిలబడ్డాడు. ఈసారి మైకులో దొర అన్న మాటే ఎత్తవద్దని నాకు గట్టిగా చెప్పాడు. గెలిచాడు. గడీ ముందు డప్పులు మోగుతుంటే దండలు పట్టుకున్న జనాన్ని తోసుకుంటూ ముసలాయన లోపలికొచ్చాడు.

“దొరా, గీసారి నేను నీకెయ్యలే.”

నేను దిగ్గున లేచాను. ఆ మాట బాంచెన్‌తో మొదలు కాలేదని నాకు తట్టడానికి కొంచెం సేపు పట్టింది. దొరకు వెంటనే తట్టింది.

“ఎవలన్న ఎయ్యొద్దన్నరా?” అని మెల్లగా అడిగాడు.

“నాకెవలు చెప్తరు? నాకే కోపమొచ్చింది. బీడుల బడి కడితివి. పసులు యాడ మెయ్యాలె? నన్నొక్క మాట అడిగినవా?”

దొర జరిగి తన బల్ల మీదే ఆయన్ను కూర్చోబెట్టుకున్నాడు. బయట జనం ఎదురుచూస్తున్నారని నేనంటే ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. దొర కళ్లు తడిసి ఉన్నాయి.

“అడగలే. తప్పు నాదే. ఇప్పుడు చెప్పు, వింట.”

ముసలాయన చెప్పాడు. మధ్యమధ్యలో తిట్టాడు కూడా.