సైదాబీ పెళ్ళి ఏ పరుపులో ఉంది?

నరసరావుపేట స్టేషన్ రోడ్డు మీద పరుపుల కొట్లు ఆరున్నాయి. ఆరూ నూర్‌బాషా కుటుంబాలవే, అంటే దూదేకులవాళ్ళవి. చివరి కొట్టు సైదాబీది. కాళ్ళు బారజాపి, పరుపుని ఒళ్ళోకి లాక్కుని, జానెడు సూదితో ఆమె కుడుతుంటే ఎద్దుకి పంచె కడుతున్నట్టుండేది. ముప్పై ఏళ్ళ మనిషి. ఐదో తరగతి దాకా చదివింది. ఉర్దూ ఒక్క ముక్క రాదు. మెళ్ళో నల్లపూసలూ తాళిబొట్టూ ఉంటాయి. శుక్రవారం నమాజు వేళకి కొట్టు మూస్తుంది. వాళ్ళలో తాతల నాటి నుంచీ అంతే. అందులో వింతేదో ఉందని ఆమెకి ఎప్పుడూ తోచలేదు, తాసీల్దారు ఆఫీసు గుమాస్తా చెప్పేదాకా.

మొగుడు ఖాసిం. విల్లుతో దూది ఏకే ఇంట్లో పుట్టాడు. ఏకే మిషన్లు వచ్చి విల్లు అటకెక్కింది. ఆయిలింజన్ల రిపేరు నేర్చుకున్నాడు. పొలాలకి కరెంటొచ్చి ఆ ఇంజన్లూ మూలపడ్డాయి. ఇక తనే విమానం ఎక్కి 1979లో షార్జా వెళ్ళాడు. రెండేళ్ళకోసారి వచ్చి ముప్పై రోజులుంటాడు. పెద్దది జరీనాకి పదేళ్ళు, సర్దార్‌కి ఎనిమిది, చిన్నది గుల్షన్‌కి మూడు. మొన్న జనవరిలో గుమ్మంలో పెట్టెతో నిలబడ్డ తండ్రిని చూసి గుల్షన్, "అమ్మా, పరుపు కోసం ఎవరో వచ్చారు" అని లోపలికి కేకేసింది. బజారంతా నవ్వారు. ఖాసిం కూడా నవ్వాడు. తర్వాత దొడ్లోకి పోయి మొహం కడుక్కుంటానన్నవాడు చాలాసేపటికి గాని రాలేదు.

మే నెలలో ఉత్తరం వచ్చింది. కంపెనీ రెండు గదుల ఇల్లిస్తానంది. భార్యాపిల్లల్ని పిలిపించుకోవచ్చు. పెళ్ళయినట్టు సర్కారు ముద్ర ఉన్న కాగితం జూన్ పదో తారీఖుకల్లా అక్కడికి చేరాలి. చేరకపోతే ఆ ఇల్లు వరసలో వెనక నిలబడ్డ ఇంకొకతనికి పోతుంది. మళ్ళీ ఎప్పటికో తెలియదు. "పరుపు కోసం ఎవరో వచ్చారు అన్నదే, ఆ మాట నాకు ఇక్కడ పనిలో కూడా వినపడతంది" అని చివర రాశాడు. సైదాబీ ఆ ఉత్తరం జాకెట్లో పెట్టుకుని, ముగ్గురు పిల్లల్నీ వెంటేసుకుని తాసీల్దారు ఆఫీసుకి పోయింది.

గుమాస్తా గోపాలకృష్ణయ్య కళ్ళజోడు మీద నుంచి చూశాడు.

"పెళ్ళికి రుజువేంది?"

సైదాబీ పిల్లల్ని ముందుకి నెట్టింది.

"పిల్లలు పిల్లలకి రుజువు. పెళ్ళికి కాదు."

"రేషన్ కార్డులో భార్య అని రాసుంది గదయ్యా."

"అది చక్కెరకి."

"ఓటర్ల లిస్టులో ఖాసిం భార్య సైదాబీ అని ఉంది."

"అది ఎలక్షన్లకి."

"మా బజారంతా వచ్చి చెబుతారు."

"బజారంతా మీ చుట్టాలేగా!" ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "పేరు చూస్తే సైదాబీ. మెడ చూస్తే తాళిబొట్టు. మాట చూస్తే మా పక్కింటామె మాట. నిన్ను ఎవరి కింద రాయమంటావు? నిఖా కాగితం పట్రా."

గోపాలకృష్ణయ్య పెళ్ళికి కూడా కాగితం లేదు. ఊళ్ళో వంద ఎకరాల ఆసాముల పెళ్ళిళ్ళకీ లేదు. వాళ్ళనెవరూ అడగరు. మొగుడి దగ్గరికి పోతానన్న పేద మనిషినే సర్కారు "నీకసలు మొగుడున్నాడా" అని అడుగుతుంది.

సైదాబీ తిన్నగా ముల్లా అలీ సాహెబ్ ఇంటికి పోయింది. ఆయనే ఆమె నిఖా చదివించినవాడు. ఎనభై దాటాయి, చూపు ఆనదు.

"రాసిందొక్కటే కాగితమమ్మా. మీ అత్త చేతికిచ్చా."

"ఇంకోటి రాసివ్వు తాతా."

"సాక్షులిద్దరూ పోయారు. పోయినోళ్ళ సంతకం నేనెట్టా పెట్టేది? కావాలంటే మళ్ళీ నిఖా చేస్తా, ఈ రోజు తేదీ ఏసి."

"ఈ రోజు తేదీ ఏస్తే నా పిల్లలు ముగ్గురూ పెళ్ళికి ముందు పుట్టినోళ్ళవుతారు తాతా!"

అలీ సాహెబ్ గడ్డం నిమురుకున్నాడు. "అదీ నిజమే. పైగా పెళ్ళికొడుకు కూడా ఊళ్ళో లేడు."

ఇక మిగిలింది అత్త హుస్సేనమ్మ. కొట్లో దూది రాశి పక్కన కూర్చుని ఆకు వక్క నములుతోంది. అడగ్గానే నమలడం ఆపింది.

"పెట్టా" అంది.

"యాడ?"

"పరుపులో."

"ఏ పరుపులో అత్తా?"

"మీ పెళ్ళికి కుట్టిన పరుపులో. వానకి తడవదు, దొంగ చూడడు, ఎలక ముట్టదు అని దూది మధ్యన పెట్టి కుట్టా."

"ఆ పరుపు మీద మేం పడుకున్నది వారం రోజులేగదా! మామ దాన్ని ఎవరికో అమ్మేసి మాకు వేరేది వేశాడు!"

"అదేనే. పెళ్ళివారెవరో తొందరపడుతుంటే నేను లేనప్పుడు ఎత్తిచ్చేశాడు, నా మాయదారి మొగుడు. నాకు ఆ మర్నాడు తెలిసింది."

"పదకొండేళ్ళ నుంచీ ఎందుకు చెప్పలా?"

"నువ్వు అడగలా." హుస్సేనమ్మ మళ్ళీ నమలడం మొదలుపెట్టింది. "కాపరం సరిగ్గా సాగుతుంటే కాగితం ఎవురికి కావాలే?"

మామ పోయి ఆరేళ్ళయింది. పరుపు ఎవరికమ్మాడో చెప్పి పోలేదు. హుస్సేనమ్మకి గుర్తున్నది ఒక్కటే. ఆ ఎండాకాలం ఆకుపచ్చ చారల గుడ్డతో పదకొండు పరుపులు కుట్టింది. ఏడు మధ్యలో దూది ఏకించుకోడానికి వచ్చిపోయాయి. వాటిలో ఏమీ లేదు. మిగిలినవి నాలుగు. ఒకటి బస్టాండు దగ్గర లాడ్జిలో, ఒకటి ఇన్నయ్య మాస్టారింట్లో, ఒకటి పత్తి వ్యాపారి బ్రహ్మయ్య మేడలో. నాలుగోది ఆఫీసులో "నిఖా కాగితం పట్రా" అన్న గోపాలకృష్ణయ్య మంచం మీద.

సైదాబీ సంచిలో కత్తెరా సూదీ వేసుకుని బయల్దేరింది.

"అయ్యగారూ, మీ పరుపు ఊరకే ఏకి కుట్టిస్తా. డబ్బులొద్దు."

లాడ్జివాడు సరేనన్నాడు. ఆ పరుపులో నల్లులు తప్ప ఏమీ దొరకలేదు. ఇన్నయ్య మాస్టారి పరుపులో ఆయన కొడుకు దాచిన మార్కుల కార్డు దొరికింది. పిల్లాడు మూడు సబ్జెక్టుల్లో తప్పి తొమ్మిదేళ్ళయింది, ఇప్పుడు అదే స్కూల్లో టీచరు. సైదాబీ దాన్ని చప్పుడు చేయకుండా దూదిలో పెట్టి మళ్ళీ కుట్టేసింది.

మిగతా రెండిళ్ళకి పోయేలోపే ఊళ్ళో మాట పుట్టింది. ఏ దూదేకులామె అయినా ఎండాకాలంలో, మంచి గిరాకీ రోజుల్లో, పరుపు ఊరకే కుడతానంటుందా? అదీ తన అత్త చేతి పరుపులే వెతుక్కుంటూ? కాఫీ హోటల్లో ఒకడు "షార్జా బంగారం" అన్నాడు. కోటప్పకొండ రోడ్డు దాకా పోయేసరికి అది "హుస్సేనమ్మ పరుపుల్లో కుట్టిన బిస్కట్లు" అయింది. ఖాసిం షార్జా పోయిందే పరుపులమ్మిన ఐదేళ్ళకి. ఆ లెక్క ఎవరూ వెయ్యలేదు.

మంగళవారం మధ్యాహ్నానికి నరసరావుపేటలో హుస్సేనమ్మ కుట్టిన పరుపున్న ప్రతి ఇంట్లోనూ కత్తిపీట లేచింది. ఆకుపచ్చ చారలవే కాదు, ఎర్ర గళ్ళవీ, పూలవీ, బాలింత పరుపులూ, దిండ్లూ. బూరుగు దూదికి గాలి తోడైంది. ప్రకాష్ నగర్ నుంచి రైల్వే గేటు దాకా మే నెలలో మంచు పడింది. టీ గ్లాసుల్లో దూది. చెరుకురసం మిషన్లో దూది. బస్సు డ్రైవరు తుమ్మి తుమ్మి బండి ఆపేశాడు. భార్యాభర్తలు నడింట్లో ఎదురెదురుగా కూర్చుని పిడికెడు పిడికెడు దూది వెతుక్కున్నారు. దొరికినవేంటంటే, ఒకింట్లో అత్త కోడలికి తెలియకుండా దాచిన గాజులు, ఇంకో ఇంట్లో కోడలు అత్తకి తెలియకుండా దాచిన గాజులు. ఆ గాజులు ఎవరివని రెండిళ్ళలోనూ తగువులు.

సాయంత్రం అలీ సాహెబ్ మనవరాలు అబిదా పరిగెత్తుకొచ్చింది. "సైదక్కా, తాత రమ్మన్నాడు. బ్రహ్మయ్య ఏదో కాగితం పట్టుకుని మా ఇంట్లో కూచున్నాడు!"

సైదాబీ వెళ్ళేసరికి బ్రహ్మయ్య తలనిండా దూదితో, తలుపు దగ్గరికేసి, రెండు చేతుల్తో ఒక పసుపుపచ్చని కాగితం పట్టుకుని ఉన్నాడు. మీద ఉర్దూ అక్షరాలు. సైదాబీ చదవలేదు, ఖాసిం కూడా చదవలేడు. వాళ్ళ పెళ్ళే, ఇద్దరికీ చదవడం రాని కాగితం.

"గట్టిగా చదవకు సాయిబూ" అంటున్నాడు బ్రహ్మయ్య. "మెల్లిగా చెప్పు. పాతింది యాడ? ఏ దిక్కున?"

అలీ సాహెబ్ కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుని పకపకా నవ్వాడు. "ఇది నా రాతే. పెదకూరపాడు సైదులు కూతురు సైదాబీకీ..."

"మనుషుల పేర్లు తర్వాత. గుర్తు యాడుంది చెప్పు!"

"నిధి కాదయ్యా ఇది, నిఖా!"

"మీరూ మీరూ ఒకటై నన్ను మాయ చేద్దామనా?" కాగితం లాక్కుని చొక్కాలో పెట్టుకున్నాడు.

సైదాబీ వాకిట్లో అడ్డంగా నిలబడింది. "బ్రహ్మయ్య మావా, ఆ కాగితంలో నిధి ఉన్నమాట నిజమే. అది షార్జాలో ఇంజన్లు రిపేరు చేసుకుంటంది. పేరు ఖాసిం. నువ్వు పోయి తవ్వుకుంటావా, నన్ను పోనిస్తావా?"

బ్రహ్మయ్య ఆమె మొహం వంక, అలీ సాహెబ్ మొహం వంక, తన చొక్కా మీది దూది వంక చూసుకున్నాడు. తన మేడలో మూడు పరుపులు పేగులు బయటపడి పడున్న సంగతి అప్పుడు గుర్తొచ్చినట్టుంది.

"అయితే నా పరుపులో?"

"కుడతా మావా."

"ముందు కుట్టు, తర్వాత కాగితం."

"ముందు కాగితం. లేకపోతే ఈ ఎండల్లో మేడ మీద నేల మీద పొర్లు."

కాగితం చేతికొచ్చింది. మర్నాడు పొద్దున్నే అలీ సాహెబ్‌నీ జరీనానీ రిక్షాలో ఎక్కించుకుని సైదాబీ ఆఫీసుకి పోయింది. ముసలాయన కాగితాన్ని చదివి వినిపించాడు. గోపాలకృష్ణయ్య కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మెడ ఒక పక్కకి తిరగడం లేదు.

"సరే. సైదాబీకి పెళ్ళయింది" అన్నాడు. "ఆ సైదాబీ నువ్వేనని రుజువేంది?"

సైదాబీ కాగితాన్ని మళ్ళీ ఆయన ముందుకి తోసింది. పదేళ్ళ జరీనా తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. అలీ సాహెబ్ నోరు తెరవబోయాడు. అప్పుడే బయట గోల మొదలైంది. పరుపుల బజార్లో కొట్టు మూసి ఉండటం చూసి, చించిన పరుపులు రిక్షాల్లో వేసుకుని జనం వెతుక్కుంటూ వచ్చేశారు. బ్రహ్మయ్య అందరికంటే ముందున్నాడు.

"ఖాసిం పెళ్ళామేదీ? సైదాబీ! నా పరుపులు ఎప్పుడిస్తావమ్మే?"

"ఏమే సైదాబీ, నీ మొగుడు షార్జాలో ఏసీలో పడుకుంటే మేం చాప మీద పడుకోవాలా?" అంది ఇంకొకామె కిటికీ లోంచి.

"హుస్సేనమ్మ కోడలా, మా బాలింత పిల్ల నేల మీదుంది! నీ మూలానే ఇదంతా!"

నలభై నోళ్ళు. ప్రతి నోట్లోనూ ఖాసిం పెళ్ళాం సైదాబీ. వీళ్ళలో ఒక్కడూ ఆమెకి చుట్టం కాదు.

సైదాబీ గుమాస్తా వైపు తిరిగింది. "వీళ్ళల్లో ఎంతమంది సంతకాలు కావాలయ్యా?"

గోపాలకృష్ణయ్య మెడ నొక్కుకున్నాడు. ఇంట్లో ఆయన భార్య కూడా మంగళవారమే కత్తిపీట తీసింది. రాత్రి ఆయన పడక బల్ల మీద.

"రుజువు సరిపోయిద్ది" అన్నాడు నెమ్మదిగా. "కానీ ఒక్క మాట. నేను ఇప్పుడు ముద్దరేశాననుకో, నువ్వు షార్జా చెక్కేస్తావు. ఈ ఊరి పరుపుల గతేంది?"

బయట జనం "అవును, అవును" అన్నారు. నిన్నటి దాకా ఆమెకి పెళ్ళే కాలేదన్న ఆఫీసు, ఇప్పుడు ఆమె లేకపోతే ఊరు నిద్రపోదంటోంది.

"ఎన్నున్నయ్?" అంది సైదాబీ.

లెక్కపెడితే నలభై మూడు. జూన్ పదికి పన్నెండు రోజులు. ఉత్తరం పోవడానికే వారం పడుతుంది. ఐదు రోజులు. అత్తా కోడళ్ళిద్దరికీ నాలుగు చేతులు. పక్క కొట్లవాళ్ళు ఐదిళ్ళూ సూదులు పట్టుకుని వచ్చి కూర్చున్నారు. జరీనా దారాలెక్కించింది. సర్దార్ దూది తొక్కాడు. గుల్షన్ ప్రతి పరుపు మీదా ఒకసారి దొర్లి "బావుంది" అని ముద్ర వేసింది. గోపాలకృష్ణయ్య ముద్రకంటే అదే ముందు పడింది. ఈసారి ఊరకే కాదు, కూలి రొక్కంగా ముందే తీసుకుంది హుస్సేనమ్మ. బ్రహ్మయ్య దగ్గర రెట్టింపు.

ఐదో రోజు సాయంత్రం సైదాబీ చివరి పరుపుని నెత్తిన పెట్టుకుని ఆఫీసుకి పోయింది. అది గోపాలకృష్ణయ్యది. ఫైళ్ళ మీదే దింపింది. ఒక చివర తను పట్టుకుని, రెండో చివర ఆయనకిచ్చింది.

"ముద్దరెయ్యి, వదులుతా."

వేశాడు. పై ఆఫీసరు సంతకం కూడా తెప్పించాడు. వదిలింది.

ఆగస్టులో వీసాలు వచ్చాయి. హుస్సేనమ్మని రమ్మంటే, ఒక్క మేలో ఇంత గిరాకీ ఏ షార్జాలో ఉంటుందే అంది. పిల్లలకి ప్రయాణంలో తలకిందికని ఆకుపచ్చ చారల గుడ్డతో మూడు దిండ్లు కుట్టి తెచ్చింది. అదే గుడ్డ, పదకొండేళ్ళ నుంచి అటక మీద మిగిలిపోయిన ముక్క. హైదరాబాదు బస్సు కదులుతుండగా సైదాబీ సంచిలో చెయ్యి పెట్టి ఆగిపోయింది.

"అత్తా! నిఖా కాగితమేదీ? కవర్లో లేదు!"

కింద నుంచి హుస్సేనమ్మ చెయ్యూపింది. "కవరు ఎవుడన్నా కొట్టేస్తాడని దిండులో పెట్టి కుట్టాలేవే! భద్రంగా!"

"ఏ దిండులో?"

బస్సు కదిలింది. హుస్సేనమ్మ నాలుగడుగులు పరిగెత్తి నిలబడిపోయింది. ఆమె మొహం చూడగానే సైదాబీకి అర్థమైంది.

పిడుగురాళ్ళ రాకముందే రెండు దిండ్లు విప్పింది. బస్సంతా దూది. ప్రయాణికులంతా తిట్టారు. మూడోదాని మీద గుల్షన్ తలపెట్టి నిద్రపోతోంది. లేపితే ఏడుస్తుందని, తల కింద నుంచే మెల్లిగా కుట్లు తెంపి వేలు పెట్టింది. తగిలింది.

పక్క సీట్లో ముసలామె దూది తుడుచుకుంటూ అడిగింది, "ఏందే తల్లీ అది? పొలం పత్రమా?"

"కాదు పెద్దమ్మా" అంది సైదాబీ, కాగితాన్ని జాకెట్లో పెట్టుకుంటూ. "నా మొగుడు."