సూది కాస్త పైన దిగింది

నా ఎడమ భుజం పట్టేయడంలో నా తెలివితక్కువతనానికీ వాటా ఉందని ముందే ఒప్పుకుంటాను. కరోనా టీకా వేయించుకునేటప్పుడు, అందరిలాగే, స్టేటస్‌లో పెట్టుకోవడానికి నేనూ ఫొటో దిగాను. ఊరికే దిగినా బాగుండేది. ముఖమూ సూదీ ఒకే ఫొటోలో పడాలని, చొక్కా చెయ్యి మడవకుండా కాలరు పక్కకు లాగి, "ఇంకాస్త పైకి వెయ్యమ్మా" అంటూ నర్సుకు దర్శకత్వం వహించాను. నవ్వు మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

వారం తిరిగేసరికి ఆ చెయ్యి చెవి దాకా కూడా లేవకుండా పోయింది. అశోక్‌నగర్‌లోని మా ఇంట్లో నాకు బనీను తొడగడం మా ఆవిడ పని అయింది. "ఇద్దరు పిల్లల్ని పెంచాను. వాళ్లెవరూ ఇంత గోల చెయ్యలేదండీ" అనేది.

రాంనగర్‌లో ఎముకల డాక్టరు చూసి, ఇది మందు తప్పు కాదు, సూది ఉండాల్సిన చోటుకన్నా పైన దిగి ఉండొచ్చు అన్నాడు. ఆ 'ఉండొచ్చు'ను వెంటబెట్టుకుని, టీకా వేసిన నారాయణగూడ క్లినిక్‌కు వెళ్లాను. నిజానికి నాకు పరిహారం అక్కర్లేదు. "పొరపాటయిందండీ, చెయ్యి ఎలా ఉంది?" అని ఒక్కరు అడిగితే ఇంటికొచ్చేసేవాణ్ని. మేనేజరు నా చెయ్యి వైపు చూడనైనా లేదు.

"వయసైతే గట్లనే అయితది సార్. మా దాంట్ల ఏం తప్పు లేదు."

అలా చెయ్యి ఎత్తలేని నేను వినియోగదారుల ఫోరంలో గొంతెత్తాను.

చిక్కడపల్లిలో మా లాయరు ఆ ఫొటో చూసి తల పట్టుకున్నాడు. "అన్నా, ఇది మన సాక్ష్యమా, వాళ్లదా? సూది పైన దిగింది కనవడుతుంది, కాలర్ గుంజింది నువ్వేనని భీ కనవడుతుంది. జర నా మాట ఇను, రాజీ చేస్కుందాం."

రెండేళ్లు వాయిదాలు నడిచాయి. అప్పటికి చెయ్యి చాలావరకు లేస్తోంది, కేసే లేవడం లేదు. రాజీకి సరే అన్నాను. చికిత్స ఖర్చు వాళ్లిస్తారు, తప్పు మాత్రం ఒప్పుకోరు.

లాయరు ఆఫీసులో మేనేజరు ఇంగ్లీషు కాగితాలు నా ముందుకు తోశాడు. ముందు పేజీల్లో నా ఫిర్యాదు, చివరి పేజీలో తమ తప్పు లేదన్న వాక్యం.

"జల్ది సంతకం పెట్టుండ్రి సార్, బండి రోడ్డు మీద పెట్టొచ్చిన."

"కళ్లజోడు మరిచిపోయానండీ. కాస్త తెలుగులో చదివి చెబుతారా?"

లాయరు కాగితాలు అందుకోబోయాడు. "నువ్వొద్దు తమ్ముడూ. అవతలి పక్షం చదివితేనే నాకు నమ్మకం" అన్నాను. నా ఎత్తు లాయరుకు అర్థమైంది. ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

మేనేజరు నసుగుతూ మొదలుపెట్టాడు. "ఈయనకు... బస్సుల పైన రాడ్ పట్టుకోనీకి రాలే. అటక మీదికెల్లి డబ్బా దించనీకి రాలే. ఆర్నెల్లు ఎడమ దిక్కు ఒత్తిగిలి పండుకోలే..." అక్కడ గొంతు కాస్త తగ్గింది. తలెత్తి, మొదటిసారిగా, నా భుజం వైపు చూశాడు.

"సరిగ్గా వినపడలేదు. బస్సు దగ్గర్నుంచి ఇంకోసారి చదవండి" అన్నాను, జేబులోని కళ్లజోడును అరచేత్తో కప్పుకుంటూ.